లైరాని ఎందుకు నిద్రపుచ్చారు?

ఫిలిప్ పుల్‌మన్ 'ది ఆంబర్ స్పైగ్లాస్' (2000) గురించి ఎవరు మాట్లాడినా ముందు అందులోని ప్రపంచాల్ని పొగుడుతారు. పొగడాల్సిందే. గుండ్రటి విత్తనకాయల్ని చక్రాలుగా తొడుక్కుని పరుగెత్తే ములెఫాలు, ఒక ముడి వెయ్యడానికి ఇద్దరి తొండాలు కలవాల్సిన వాళ్ల జీవితం నాకూ ఎంతో ఇష్టం. విట్‌బ్రెడ్ బుక్ ఆఫ్ ద ఇయర్ బహుమతి (2001) పొందిన మొదటి పిల్లల పుస్తకం కూడా ఇదే. కానీ ఈ ప్రపంచాలన్నీ విస్తరిస్తున్నంతసేపూ నాయిక ఏం చేస్తోందని ఈ పొగడ్తల్లో ఎవరూ అడగరు.

నిద్రపోతోంది.

మొదటి భాగం 'నార్తర్న్ లైట్స్' (1995)లో లైరా ఎలుగుబంట్ల రాజునే అబద్ధాలతో బోల్తా కొట్టించిన పిల్ల. రెండో భాగం 'ది సటల్ నైఫ్' (1997)లో విల్ వస్తాడు. అతని తండ్రిని వెతకడంలో సాయపడటం ఆమె పనవుతుంది. ఆ భాగం చివర్లో విడిపోయిన ఇద్దరూ మూడో భాగంలో చాలాసేపటి దాకా కలవరు. విల్‌కి కత్తి ఉంది, ప్రయాణం ఉంది, ఎలుగుబంటితో స్నేహం ఉంది. లైరాకి హిమాలయాల్లో ఒక గుహ, కన్నతల్లి తాగించే మత్తుమందు. పుస్తకంలో దాదాపు మూడోవంతు ఇలాగే గడుస్తుంది. ఆమెకి దక్కేవి అధ్యాయాల మధ్య కలల ముక్కలు.

కథకి ఎడబాటు అవసరం అంటారు. ఎడబాటుతో నాకు పేచీ లేదు. ఇద్దరికీ చెరో దారి ఎందుకివ్వలేదన్నదే నా ప్రశ్న. మాయల ఫకీరు బాలనాగమ్మని కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన కథ విన్న మనకి ఈ సూత్రం తెలిసిందే: ఆడమనిషి చెరలో ఉంటుంది, మగపిల్లాడు బయల్దేరతాడు. చర్చి అధికారాన్ని అంత ధైర్యంగా ధిక్కరించిన రచయిత ఈ సూత్రాన్ని మాత్రం ముట్టుకోలేదు.

తల్లి మిసెస్ కోల్టర్ ఆమెని కాపాడుకోవడానికే దాచిందని ఇంకో వాదన. నిజమే, చర్చి లైరాని చంపడానికి మనిషిని పంపింది. అయితే కాపాడటమంటే స్పృహ లేకుండా చెయ్యడమా? 'నీ మంచికే' అంటూ ఆడపిల్లకి గడియ పెట్టే ఇళ్లు మనకి కొత్త కాదు. ఆ ప్రేమలోని స్వార్థాన్ని పుల్‌మన్ దాచలేదు. కానీ గుహ దాకా వచ్చి దాన్ని ఎదుర్కొనే పనిని విల్‌కే అప్పజెప్పాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆమా. గుహకి తిండి మోసే కొండపల్లె పిల్ల. ఎవరూ అడగకుండానే వైద్యుడి దగ్గరికి వెళ్లి, లైరాకి మెలకువ తెప్పించే మందు సంపాదిస్తుంది. అంటే ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లని లేపడానికి బయల్దేరిన కథ ఈ పుస్తకంలోనే ఉంది! లైరా లేచాక ఆమా కథలోంచి మాయమవుతుంది. హిమాలయం అందమైన తెరగా పనికొచ్చింది, అక్కడి పిల్ల మందు తేవడానికి పనికొచ్చింది.

మెలకువొచ్చాక లైరా అద్భుతంగా ఉంటుంది. చనిపోయిన స్నేహితుడు రోజర్ కోసం మృతుల లోకానికి వెళ్లాలని పట్టుబట్టేది తనే. అక్కడి హార్పీలు ఆమె అబద్ధానికి మీదపడి, నిజమైన కథకి శాంతిస్తాయి. ఇంత చెయ్యగల పిల్లని అంతసేపు పడుకోబెట్టారనే నా కోపం.

తెలుగులో పిల్లల కోసం ఫాంటసీ రాయాలనుకునే మిత్రులారా, ప్రపంచాన్ని ఎంత విశాలంగానైనా కట్టండి. పాత్రల్ని విడదీసినప్పుడు మాత్రం ఎవరు నడుస్తున్నారో, ఎవరు పడుకున్నారో ఒకసారి చూసుకోండి. వీలైతే ఆమా వైపు నుంచి మొదలుపెట్టండి.