అసలు – నకలు

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని సామెత. వీడియో గేమ్‌ల లోకంలో ఈ సామెత తలకిందులైంది. నలభై ఏళ్ల నాటి ఆటలను వెతికి పట్టుకొని ఆడేవారు నేడు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఆ ఆటలు ఆడాలంటే టెలివిజన్‌కు తగిలించే యంత్రం ఒకటి కావాలి. దానిని కన్సోల్ అంటారు. ఆనాడు తయారైన అసలు కన్సోల్ కొనడం మంచిదా, దానిని చూసి ఇతరులు తయారుచేసిన నకలు కొనడం మంచిదా అన్నది వారిలో తెగని వాదం. చూడడానికి ఇది ఆటబొమ్మల తగవులా ఉంటుంది. కాని దీని వెనుక పెద్ద ప్రశ్నే ఉంది. ఒక వస్తువు విలువ దాని పుట్టుకలో ఉందా, అది చేసే పనిలో ఉందా?

జపాన్‌లోని నింటెండో సంస్థ తయారుచేసిన ఫామికాం ఈ వాదానికి మంచి ఉదాహరణ. మసయుకి ఉయెమురా నాయకత్వంలో రూపొందిన ఈ యంత్రం 1983 జూలైలో 14,800 యెన్ల ధరకు ఆ దేశపు అంగళ్లలోకి వచ్చింది. 1985లో ఆకారం మార్చుకొని, ఎన్.ఇ.ఎస్. అనే పేరుతో అమెరికా చేరింది. రెండూ కలిసి దాదాపు 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి. 2003లో జపాన్‌లో దీని తయారీ ఆగిపోయింది. కాబట్టి నేడు దొరికే అసలు యంత్రాలన్నీ పాతవే. ఉన్నవి చెడిపోవలసిందే గాని కొత్తవి పుట్టవు.

నకళ్ల కథ వేరు. ఫామికాంలో వేర్వేరు చిప్‌లు చేసే పనులను తర్వాతి కాలపు నకళ్లలో ఒకే చిప్‌లో ఇమిడ్చారు. మూత విప్పి చూస్తే పలక మీద లక్కబొట్టు వంటి నల్లని ముద్ద కనిపిస్తుంది. పనంతా దాని కిందనే జరుగుతుంది. భాగాలు తగ్గాయి కనుక ధరా తగ్గింది. 1992 చివర డెండీ అనే నకలు రష్యాలో అడుగుపెట్టింది. నింటెండో యంత్రాలు ఆ దేశపు అంగళ్లలో అమ్మకానికి లేని కాలమది. అక్కడి పిల్లలకు వీడియో గేమ్ అంటే డెండీయే. మన దేశంలోనూ 1990లలో బజారులో కాసెట్లతో సహా దొరికిన టీవీ గేమ్‌లలో ఎక్కువ భాగం ఇటువంటి నకళ్లే. మారియో, కాంట్రా వంటి ఆటలను ఎందరో పిల్లలు తొలిసారి ఆడింది వాటి మీదనే.

అసలు యంత్రాన్ని కోరేవారి వాదంలో బలం ఉంది. ఆట చేసినవారు ఆ యంత్రాన్ని దృష్టిలో ఉంచుకొనే ప్రతి రంగునూ, ప్రతి ధ్వనినీ కూర్చారు. చౌక నకళ్లలో రంగులు మారుతాయి. కొన్నిటిలో ధ్వని తరంగాల ఆకారం తారుమారై, అదే పాట వేరొక వాద్యం మీద వాయించినట్లు వినిపిస్తుంది. కొన్ని కాసెట్లలో ఆటకు తోడుగా ప్రత్యేకమైన చిప్‌లు ఉంటాయి. వాటి అవసరాలను నకలు తీర్చలేకపోతే ఆట మొదలే కాదు. కాసిల్‌వేనియా 3 అమెరికా కాసెట్టు చాలా నకళ్ల మీద సరిగా ఆడకపోవడానికి కారణం ఇదే.

అయితే అసలును కొనడమంటే దాని బరువునంతా మోయడమే. జపాన్ ఫామికాంతో వచ్చిన అడాప్టర్ 100 వోల్టుల విద్యుత్తు కోసం చేసినది. మన ఇళ్లలోని 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే అది కాలిపోతుంది. లోపలి కెపాసిటర్లు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయి. ఆట ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే కాసెట్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే దాచుకున్నదంతా చెరిగిపోతుంది. డక్ హంట్‌లో బాతులను కొట్టే తుపాకీ పాతకాలపు పెద్ద గొట్టం టీవీ మీదనే గురి చూస్తుంది, నేటి పలుచని తెరల మీద పనిచేయదు. అంటే యంత్రం ఒక్కటే కొంటే చాలదు. దాని కాలాన్నంతటినీ ఇంటికి తెచ్చుకోవాలి. అంత ఓపికా, అంత డబ్బూ అందరికీ ఉండవు.

నకలుకు ఉన్న గొప్ప గుణం అందుబాటు. దాని పెద్ద దోషం అబద్ధం. "9999 ఆటలు" అని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. లోపల చూస్తే పట్టుమని కొన్ని ఆటలే పేర్లు మార్చుకొని మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఇంకొక దోషం కూడా ఉంది. యంత్ర నిర్మాణం మీద కనిపెట్టినవారికి ఉండే పేటెంటు హక్కు సాధారణంగా 20 ఏళ్లతో ముగుస్తుంది. ఆటల మీది కాపీరైటు అంత త్వరగా ముగియదు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనలతో సమానంగా చూస్తుంది. అనుమతి లేకుండా ఆటలను నింపి అమ్మడమంటే రచయితకు చెప్పకుండా పుస్తకం అచ్చువేసుకోవడమే. యంత్రం నకలైనందుకు తప్పుపట్టనక్కరలేదు గాని, ఈ పని తప్పే.

ఇక్కడ తయారీదారుల బాధ్యతను కూడా మరువరాదు. దొరకని వస్తువుకే నకలు పుడుతుంది. అమెరికాలో విడుదలైన పాత ఆటలలో 87 శాతం న్యాయంగా కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. నింటెండో 2016లో తన పాత యంత్రపు చిన్న రూపాన్ని 30 ఆటలతో విడుదల చేసింది. అందులో పాత చిప్‌లు లేవు. వాటిని అనుకరించే ప్రోగ్రాము ఉంది. అంటే అసలును చేసినవారే నకలును కూడా చేశారు! అది నకలేనని కొన్నవారికి తెలుసు, ఆటలు చేసినవారి అనుమతీ ఉంది. అందువల్ల దానిని ఎవరూ మోసమనలేదు. తప్పు నకలు చేయడంలో లేదని, దాచడంలో ఉందని దీనివల్ల తెలుస్తున్నది.

తెలుగువారికి ఈ మాట కొత్తది కాదు. తాటాకు ఎంతోకాలం నిలవదు. తరతరాల లేఖకులు ప్రతికి ప్రతి రాయడం వల్లనే ప్రాచీన కావ్యాలు మనదాకా వచ్చాయి. ఆ ప్రతులే లేకుంటే కావ్యాలే లేవు. కాని రాసిన ప్రతిసారీ ఒక అక్షరం జారింది, ఒక పాదం మారింది. అందుకే సి.పి.బ్రౌన్ వంటివారు అనేక ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూడవలసి వచ్చింది. తంజావూరు సరస్వతీమహల్‌లో తెలుగు తాళపత్రాలను నేటికీ కాపాడుతున్నది కూడా ఇందుకే. చదవడానికి అచ్చుపుస్తకం చాలు. ఆ పుస్తకం సరైనదో కాదో తేల్చడానికి మాత్రం తాళపత్రం ఉండాలి.

కన్సోల్‌కూ ఇదే న్యాయం. ఆడి ఆనందించాలనుకునేవారికి మంచి నకలు చాలు. అది నకలేనని చెప్పి అమ్మాలి, ఏ కాసెట్లు నడుస్తాయో ముందే తెలపాలి, అడాప్టర్ మన విద్యుత్తుకు సరిపడాలి. ఈ మూడూ అడిగి కొనేవారు మోసపోరు. ఆ ఆట పుట్టినప్పుడు ఎలా కనిపించిందో, ఎలా వినిపించిందో తెలుసుకోవాలనుకునేవారికి అసలు యంత్రమే ప్రమాణం. దానిని మరమ్మతు చేస్తూ నడిపించగలవారి చేతుల్లో, మ్యూజియంలలో అది పదిలంగా ఉండాలి. గొప్ప కోసం కొని అద్దాల బీరువాలో దాచితే అది ఆటకూ అందదు, చదువుకూ అందదు.

అసలు ఉన్నవాడు నకలుతో ఆడుకున్నవాడిని చిన్నచూపు చూడడం తగదు. అక్కడ ఆటను బతికించినది నకలే. నకలు చాలునని అసలును పారవేయడమూ తగదు. నకలులోని తప్పును దిద్దగలిగేది అసలే.