కంటికి లేజర్ వేసే ముందు ఉద్యోగం సంగతి అడగండి



రైల్వే నోటిఫికేషన్ పడిందంటే చాలు, సైటు ఉన్న కుర్రాళ్లు కొందరు విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. లేజర్ చేయించుకుంటే అద్దాలు పోతాయి, అద్దాలు పోతే లోకో పైలట్ మెడికల్ గట్టెక్కుతామని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. లాసిక్ గానీ, సైటు సరిచేసే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవారు అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు అనర్హులని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. పదుల పేజీల్లో ఆ ఒక్క వాక్యం ఎవరి కంట పడుతుంది? సైన్యంలో కొన్ని విభాగాలు షరతులతో ఒప్పుకుంటాయి. అది విని ఇక్కడా చెల్లుతుందనుకునేవాళ్లూ ఉన్నారు.

ఈ పోస్టుకు ఏ-1 ప్రమాణం కావాలి. అద్దాల్లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు, ఆపైన ప్లస్ పవర్ అద్దం పెట్టి చూసే ఫాగింగ్ టెస్ట్. పోనీ చెప్పకుండా వెళ్దామా అంటే దాగదు. లాసిక్‌లో కార్నియా పై పొరను రేకులా లేపి, అడుగు భాగాన్ని లేజర్‌తో పల్చన చేసి, రేకు మూసేస్తారు. కార్నియా మందమే సుమారు అర మిల్లీమీటరు. ఒక్కో డయాప్టర్ పవర్‌కు పది, పదిహేను మైక్రాన్లు పోతుంది. పోయింది తిరిగి రాదు. అలా చదునైన నడిమి భాగం కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీలో తెలుస్తుంది. స్లిట్ ల్యాంప్ కింద రేకు అంచు సన్నటి గీతలా కనబడుతుంది.

మా వీధిలో గది అద్దెకు తీసుకుని చదువుకునే గుడివాడ వైపు కుర్రాడు లేజర్ చేయించుకుని మెడికల్‌లో ఇలాగే అనర్హుడయ్యాడు. తండ్రి కౌలు రైతు. వరి కోతకు ముందు చల్లిన మినుములు అమ్మిన డబ్బు కంటికి పెట్టారు. ఆసుపత్రిలో కార్నియా మందం కొలిచారు, పవర్ నిలకడగా ఉందా అని ఆరా తీశారు, కన్ను పొడిబారుతోందేమో చూశారు. వైద్యానికి వంక పెట్టలేం. ఏ ఉద్యోగానికి చదువుతున్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

లేజర్ మీద నాకేం కక్ష లేదు. లాసిక్‌లో వాడే ఎక్సైమర్ లేజర్ కణజాలాన్ని కాల్చకుండా తొలగించగలదని 1981లో ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు మన దేశంలో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. అది గర్వపడాల్సిన సంగతే. నలభై దాటాక చదువుకునే అద్దాలు ఎలాగూ వస్తాయని కూడా ఆసుపత్రులు హోర్డింగుల మీద వేస్తే ఇంకా సంతోషిస్తాను. రైల్వే నిబంధన మార్చమనీ అనను. లాసిక్ తర్వాత కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. సిగ్నల్ చూసి బండి నడిపేవాడి విషయంలో రైల్వే జాగ్రత్త పడితే తప్పేముంది?

నేను కోరేది చిన్నది. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రంలో ‘ఏ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారు?’ అన్న ప్రశ్న చేర్చాలి. కోచింగ్ సెంటర్లు ఫీజు కట్టించుకునే రోజే పిల్లల్ని కంటి చార్టు ముందు నిలబెట్టాలి. సైటు ఉంటే లోకో పైలట్ బ్యాచ్‌లో కూర్చోబెట్టకుండా, అద్దాలతోనే అర్హత ఉన్న జూనియర్ క్లర్క్ కమ్ టైపిస్ట్ లాంటి సీ-2 ప్రమాణపు పోస్టుల వైపు పంపాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ