కొత్త విత్తనానికి దారేది?

కొత్త వంగడాలు ఎన్ని వచ్చినా రైతులు పాతవాటినే పట్టుకుని వేలాడుతున్నారని, వారిలో చైతన్యం లేదని వేదికలెక్కిన ప్రతివారూ అనేస్తుంటారు. ఇది తప్పుడు మాట. లోపం రైతుది కాదు, విత్తనాన్ని ఊరికి చేర్చాల్సిన యంత్రాంగానిది. అనంతపురం వేరుశనగే ఇందుకు సాక్ష్యం.

తిండివనంలో 1940లో రూపొందిన టీఎంవీ-2 రకం అనంత మెట్ట చేలను దశాబ్దాల తరబడి ఏలింది. కదిరి పరిశోధన కేంద్రం 2005లో కె-6 ఇచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి బెట్టను తట్టుకుని, త్వరగా కోతకొచ్చే ఐసీజీవీ 91114 ఆ మరుసటి ఏడే వచ్చింది. కె-6 నిలదొక్కుకోవడానికే ఏళ్లు పట్టింది. ఇప్పుడది కూడా పాత రకమే. ఐసీజీవీ 91114 కొద్దిమంది చేలకే పరిమితమైంది.

అదే వరిలో రైతులు ఏం చేశారు? మార్టేరు ‘స్వర్ణ’ 1982లో విడుదలై ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. బాపట్ల సాంబ మసూరి రాష్ట్రాలు దాటింది. మంచి రకమని నమ్మితే రైతు చేతి నుంచి రైతు చేతికి విత్తనం దానంతట అదే నడుస్తుంది. ఎకరా నాటుకు 25, 30 కిలోల వడ్లు చాలు. ఆ ఎకరా పంట మరో 80 ఎకరాలకు విత్తనమవుతుంది.

వేరుశనగకు ఆ వెసులుబాటు లేదు. ఎకరాకు 60 కిలోలకు పైగా గింజలు, అంటే దాదాపు క్వింటాలు కాయలు కావాలి. వర్షాధారంగా నాలుగైదు క్వింటాళ్లు పండితే అదే గొప్ప. ముంగారు వాన మొహం చాటేస్తే వేసిన విత్తనమూ తిరిగిరాదు. విత్తనక్కాయలను ఇంటి ఆడవాళ్లు చేత్తోనే ఒలుస్తారు. మిషన్లో వేస్తే పైపొర చిట్లి మొలక దెబ్బతింటుంది. ఖరీఫ్‌లో పండిన కాయను ఎనిమిది నెలలు దాస్తే పుచ్చు పడుతుంది, మొలక శాతం తగ్గుతుంది. ఇంత బరువు, ఇంత నష్టభయం ఉన్న విత్తనాన్ని ప్రైవేటు కంపెనీలు ముట్టుకోవు. రైతు ఒకసారి కొని మళ్లీ తన పంట నుంచే దాచుకోగల పైరు మీద వాటికి లాభమేముంది? పత్తి, మొక్కజొన్న హైబ్రిడ్ల మీద ఉన్న ఉత్సాహం ఇక్కడ కనిపించకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఈ బరువు ప్రభుత్వమే మోయాలి. లక్ష ఎకరాల్లో కొత్త రకం వేయాలంటే సుమారు లక్ష క్వింటాళ్ల కాయలు అవసరం. వాటికోసం అంతకుముందు సీజన్‌లో నీటి వసతి ఉన్న పది, పన్నెండు వేల ఎకరాల్లో విత్తనోత్పత్తి జరగాలి. అంతకుముందు వెయ్యి ఎకరాలకు పైగా ఫౌండేషన్ విత్తనం, దానికి ముందు బ్రీడర్ విత్తనం పండాలి. బ్రీడర్ విత్తనం కోసం రాష్ట్రం ముందుగానే కేంద్రానికి ఇండెంటు పంపాలి. ఇండెంటులో పేరు లేని రకం ఎంత గొప్పదైనా పరిశోధన కేంద్రం గేటు దాటదు. ఇండెంట్లు పాత రకాలకే పెడుతూ పోయి, ఆనక రైతు కొత్తదాన్ని ఆదరించడం లేదనడం అన్యాయం.

ధ్రువీకరించిన విత్తనం చాలనప్పుడు బయట సేకరించిన కాయలనే శుభ్రం చేసి సబ్సిడీ బస్తాల్లో పోస్తున్నారు. బస్తా విప్పి నాలుగు కాయలు ఒలిచి చూసిన రైతుకు ముడతపడ్డ గింజలు, రెండు మూడు రకాల కలగలుపు కనిపిస్తే మరుసటేడు ఆ కౌంటరు వైపు ఎలా వస్తాడు? దిగుబడి ఒక్కటే ఆయన చూసుకునేది కాదు. మండీలో వ్యాపారి గింజ సైజు, నూనె శాతం, రంగు చూసి ధర కడతాడు. పశువులకు కట్టె ఎంత వస్తుందన్నదీ మెట్ట రైతుకు ముఖ్యమే. వీటిని పట్టించుకోకుండా విడుదల చేసిన రకం ఊళ్లో నిలబడదు.

ఇది మన ఒక్కరి సమస్యే కాదు. ఆఫ్రికాలోని మాలావీలో మెరుగైన సీజీ-7 వేరుశనగ 1990లోనే విడుదలైనా, పాత చలింబన రకాన్ని చాలా ఏళ్లపాటు పక్కకు తప్పించలేకపోయింది. అక్కడా అడ్డుపడింది విత్తనం కొరతే.

పదేళ్లు దాటిన వేరుశనగ రకాలకు సబ్సిడీని దశలవారీగా ఆపాలి. ఆ సొమ్ముతో ప్రతి ఊళ్లో కొందరు రైతులకు పది కిలోల కొత్త విత్తనం ఉచితంగా ఇవ్వాలి. అది పదిహేను సెంట్లకు సరిపోతుంది. పైరు ఎలా ఉందో పక్క చేలవాళ్లు కళ్లారా చూస్తారు. రబీలో బోర్ల కింద విత్తనం పండించే రైతు సంఘాలకు మార్కెట్ ధర కంటే ఎక్కువ చెల్లించి, ఆ కాయలను వెంటనే కొనాలి. డబ్బు ఆలస్యమైతే ఆ కాయలు నూనె మిల్లుకే పోతాయి. విత్తన సరఫరాకు పాసుపుస్తకాన్ని షరతు చేయకుండా, సాగు చేస్తున్న కౌలు రైతు పేరు మీదే బస్తా ఇవ్వాలి. వచ్చే ఇండెంటులోనే కొత్త రకాల వాటా ఎంతో వ్యవసాయ శాఖ బహిరంగంగా ప్రకటించాలి.