వృత్తి విద్యకు సిద్ధపాటు తొమ్మిదో తరగతి నుంచే

ప్రతి ఏటా జూన్, జూలై నెలల్లో మన సంఘాల్లో కొన్ని ప్రార్థన మనవులు తప్పకుండా వినబడతాయి. అబ్బాయికి నీట్‌లో మార్కులు వచ్చాయి, సీటు రావాలి. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టింది, మార్గం తెరుచుకోవాలి. అందరం మోకరిస్తాం. మోకరించాల్సిందే. కానీ సిరోంచ తాలూకాలో, ప్రాణహిత గోదావరి ఒడ్డున ఉన్న మన తెలుగు ఊళ్ల పిల్లల విషయంలో నేను గమనించింది ఒకటుంది. సీటు చేజారడానికి ప్రతిసారీ మార్కులే కారణం కావు. తాతగారి బడి రికార్డు దొరకదు. ఇంటర్ ఏ రాష్ట్రంలో చదివితే ఏం పోతుందో ముందు ఎవరూ చెప్పరు. ఆదాయ ధ్రువపత్రం చివరి తేదీ దాటాక చేతికొస్తుంది. మార్కులు తెచ్చుకోవడం పిల్లల పని. ఈ మిగతా సిద్ధపాటు తల్లిదండ్రుల పని, సంఘం పని. ర్యాంకు వచ్చాక దాన్ని మొదలుపెడితే ఆలస్యమే. తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాలి.

ఏ ఒడ్డున చదివించాలి?

1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు సిరోంచ దక్షిణపు కొస. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైగా దూరం. కాళేశ్వరానికైతే వంతెన దాటితే చాలు. మన పెళ్లి సంబంధాలు, సంతలు, ఆసుపత్రులు చాలావరకు అటువైపే. అందుకే పదో తరగతి కాగానే పిల్లల్ని మంచిర్యాలకో, హనుమకొండకో ఇంటర్‌కు పంపిస్తాం. అక్కడ బంధువులుంటారు, పాఠం తెలుగులో అడిగి తెలుసుకోవచ్చు. ప్రేమతో చేసే పనే. చిక్కు వచ్చేది కూడా ఇక్కడే.

ఎంబీబీఎస్‌లో మహారాష్ట్ర కోటా సీటు కావాలంటే పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ మహారాష్ట్రలోనే పాసై ఉండాలి, దానితోపాటు డొమిసైల్ ఉండాలి. కొన్ని మినహాయింపులున్నాయి గానీ మన కూలీ, రైతు కుటుంబాలకు అవి వర్తించేవి కావు. ఇక తెలంగాణ నియమం ప్రకారం ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ రాష్ట్రంలో చదివితేనే స్థానికుడు. ఈ నియమాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఇప్పుడు లెక్క చూడండి. పదో తరగతి సిరోంచలో, ఇంటర్ హనుమకొండలో చదివిన బిడ్డకు పన్నెండో తరగతి మహారాష్ట్రది కాదు, తెలంగాణలో నాలుగేళ్లు లేవు. రెండు రాష్ట్రాల కోటాలోనూ ఆ బిడ్డకు చోటు లేదు. మిగిలేది దేశమంతా పోటీపడే 15 శాతం అఖిల భారత కోటా, లేదంటే లక్షలు పోయాల్సిన ప్రైవేటు సీటు.

మంచిర్యాలలో 2022లో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మన ఊళ్లకు అవే దగ్గర. అయినా వాటిలో 85 శాతం సీట్లు తెలంగాణ స్థానికులవి. గడ్చిరోలిలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అది దూరమైనా మన పిల్లలకు హక్కున్న కాలేజీ. ఇంజనీరింగ్‌లో మహారాష్ట్ర నియమాలు కొంత మెత్తన. చదువు బయట సాగినా, విద్యార్థికి లేదా తల్లిదండ్రులకు మహారాష్ట్ర డొమిసైల్ ఉంటే దారి ఉంది. కాబట్టి ఇంటర్‌కు ఎక్కడికి పంపాలో తేల్చుకునే ముందు, పిల్లలు ఏ కోర్సు ఆశిస్తున్నారో అడగండి. ఆ కోర్సు ప్రవేశాల సమాచార పుస్తకం స్టేట్ సెట్ సెల్ వెబ్‌సైటులో ఏటా వస్తుంది. చుట్టాల మాట మీద కాకుండా ఆ పుస్తకం చదివి నిర్ణయించుకోండి.

కుల ధ్రువపత్రం ఒక్కటే చాలదు

తెలంగాణలో తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రంతో పని జరుగుతుంది. మహారాష్ట్రలో అలా కాదు. 2000 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, రిజర్వేషన్ సీటుకు స్క్రూటినీ కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఆ కమిటీ ముత్తాతల దాకా వెళ్లి అడుగుతుంది. ఎస్సీ, ఎస్టీలైతే 1950 నాటికి, విముక్త సంచార జాతులైతే 1961 నాటికి, ఓబీసీలైతే 1967 నాటికి కుటుంబం ఇక్కడ నివసించినట్టు, ఫలానా కులమైనట్టు రుజువు కావాలి. తాతగారి బడి ప్రవేశ రిజిస్టరు నకలు, కొత్వాల్ బుక్‌లోని జనన మరణ నమోదు, పాత భూమి రికార్డు, ఇవే ఆ రుజువులు. నది దాటి వచ్చి స్థిరపడిన కుటుంబాల రికార్డులు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఉండిపోయి ఉంటాయి. వాటిని వెతకడానికి నెలలు పడుతుంది. సైన్సు విద్యార్థులు పదకొండో తరగతిలోనే కాలేజీ ద్వారా వ్యాలిడిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. కాబట్టి తొమ్మిదో తరగతి నుంచి కాగితాలు పోగుచేయడం తొందరపాటేమీ కాదు.

రాష్ట్రం మారితే కులం హోదా మారుతుందా అని చాలామంది అడుగుతారు. మన తెలుగు బిడ్డ వేసిన కేసులోనే దీనికి జవాబు వచ్చింది. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ. తండ్రి ఉద్యోగంతో కుటుంబం బొంబాయి చేరింది. అక్కడ చదివి, ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగితే రాలేదు. సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీ డీన్‌ను ప్రతివాదిగా చేసి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఒక రాష్ట్రపు జాబితాలో ఉన్న హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. నేటికీ అదే న్యాయసూత్రం. వంతెన మీద పది నిమిషాల ప్రయాణమైనా సరే, ఆ గీత దాటితే పాత పత్రం పనిచేయదు.

మన విశ్వాసుల కుటుంబాలకు మరో ముడి ఉంది. ఎస్టీ హోదాకు మతం షరతు లేదు. గోండు, మాడియా సహోదరులు క్రైస్తవులైనా ఎస్టీలే. ఎస్సీ హోదా మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను ఇంకా బయటే ఉంచారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దళిత క్రైస్తవులు బీసీ-సీలో ఉన్నారు, ఒక శాతం రిజర్వేషన్ ఉంది. ఆ పత్రం నది ఇవతల చెల్లదు. ఇది అన్యాయమని మనం ఎప్పటి నుంచో చెబుతున్నాం, చెబుతూనే ఉండాలి. కానీ ఆ పోరాటపు భారాన్ని పదిహేడేళ్ల బిడ్డ దరఖాస్తు ఫారం మీద పెట్టకూడదు. చెల్లని పత్రంతో పొందిన సీటుకు, ఉద్యోగానికి రక్షణ ఉండదని 2017లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర కేసుల్లోనే స్పష్టం చేసింది. చదువు పూర్తయ్యాక కూడా అది పోవచ్చు. కుటుంబమంతా కూర్చుని, చట్టం తెలిసిన వారితో మాట్లాడి, నిజం మీద నిలబడే దారినే ఎంచుకోండి.

పేరు, ఫోను, బ్యాంకు ఖాతా

తెలుగు వారికి ఇంటిపేరు ముందు, మరాఠీ పద్ధతిలో చివర. మధ్యలో తండ్రి పేరు. ఆధార్‌లో ఒక తీరు, మార్కుల పత్రంలో మరో తీరు. పైగా బాప్తిస్మంలో పెట్టిన పేరుతో బిడ్డను ఇంట్లో పిలుస్తాం, బడిలో ఇంకో పేరుంటుంది. ఈ తేడాలతోనే స్కాలర్‌షిప్పులు ఆగిపోతాయి. పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపే ముందే అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ ఉండేలా సరిచూడండి. ఆ తర్వాత మార్చాలంటే గెజెట్ దాకా వెళ్లాలి.

రెండోది ఫోన్ నంబరు. ఇంటర్నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు అక్కడి అబ్బాయి తన నంబరు, తన ఈమెయిల్ వేసేస్తాడు. తర్వాత కౌన్సెలింగ్‌కు ఓటీపీ కావాలంటే అతని కోసం వెతకాలి. మీ ఇంట్లో ఉండే నంబరే ఇవ్వండి, పాస్‌వర్డ్ ఒక నోటుబుక్కులో రాసుకోండి. విద్యార్థి పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో అనుసంధానం చేయించండి. మహాడీబీటీ స్కాలర్‌షిప్ డబ్బు ఆ ఖాతాలోకే వస్తుంది.

కౌన్సెలింగ్ జరిగేది వానాకాలంలో. 2022 జూలై వరదను మన ఊళ్లు మరిచిపోలేదు. రోడ్డు తెగినా, నెట్‌వర్క్ పోయినా చివరి తేదీ మారదు. అందుకని ఆప్షన్లు ఇవ్వడం, ఫీజు కట్టడం, కాలేజీలో రిపోర్టు చేయడం, ఏదైనా రెండు మూడు రోజుల ముందే ముగించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నింటికీ నాలుగైదు సెట్ల జిరాక్సులు, ఫోన్‌లో స్కాన్ కాపీలు ఉంచుకోండి.

డబ్బు ఎప్పుడు కావాలి?

ఖర్చంతా కలిపి ఎంత అని లెక్కవేస్తాం గానీ, మొదటి పదిహేను రోజుల్లో ఎంత కావాలో లెక్కవేయం. ఫీజు మొదటి వాయిదా, డిపాజిట్, హాస్టల్, మెస్ అడ్వాన్సు, ఏప్రాన్, పుస్తకాలు, బస్సు, రైలు చార్జీలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్కాలర్‌షిప్ డబ్బు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఈ మధ్యకాలంలోనే మన కుటుంబాలు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కుతాయి.

తెలుసుకోవాల్సిన సాయాలు ఉన్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపున్న ఓబీసీ, ఎస్ఈబీసీ, ఈడబ్ల్యూఎస్ ఆడపిల్లలకు, కేంద్రీకృత ప్రవేశాల ద్వారా వృత్తి కోర్సుల్లో చేరితే ట్యూషన్, పరీక్ష ఫీజులు పూర్తిగా మాఫీ చేస్తూ మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. హాస్టల్ దొరకని ఎస్సీ విద్యార్థులకు స్వాధార్, ఎస్టీ విద్యార్థులకు స్వయం పథకాలున్నాయి. విద్యా రుణం 4 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వాలన్నది బ్యాంకుల సంఘం నమూనా పథకం. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి ఎంపిక చేసిన సంస్థలకే వర్తిస్తుంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. వీటన్నింటికీ ఆదాయ ధ్రువపత్రం కావాలి, కాబట్టి ఏప్రిల్‌లోనే తహసీల్దారు కార్యాలయంలో అడగండి.

నర్సింగ్ సీటు ఇప్పిస్తామని ఊళ్లకు వచ్చే ఏజెంట్ల విషయంలో జాగ్రత్త. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా రూపాయి ఇవ్వకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికివ్వకండి. సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో కాలేజీలకే చెప్పింది. ఏజెంటుకు ఆ అధికారం ఎక్కడిది?

హాస్టల్ గదిలో

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట మీకు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది. అది తెలివి తక్కువై కాదు. మరాఠీని చిన్నచూపు చూడకండి. రేపు వార్డులో రోగి ఆ భాషలోనే నొప్పి చెప్పుకుంటాడు. వైద్యం, నర్సింగ్ వైపు వెళ్లేవారు హెపటైటిస్-బి టీకా ముందే మొదలుపెట్టండి. మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది. బట్టలు ఉతుక్కోవడం, నెల ఖర్చు రాసుకోవడం, రైలు టికెట్ రిజర్వు చేసుకోవడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. అబ్బాయిలకు కూడా ఇది చెబుతున్నాను.

ఎవరైనా కులం పేరుతో, ప్రాంతం పేరుతో, ర్యాంకు పేరుతో కించపరిస్తే ఓర్చుకోవడమే క్రైస్తవ గుణం అనుకోకండి. ముంబయిలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ 2019 మే 22న చనిపోయింది. కులం పేరుతో వేధించారని ఆమె కుటుంబం ఆరోపించింది. చదువులో అంత దూరం వెళ్లిన బిడ్డ అలా రాలిపోయింది. ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్, ర్యాగింగ్ నిరోధక కమిటీ ఎక్కడున్నాయో మొదటి వారంలోనే తెలుసుకోండి. ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పండి. తల్లిదండ్రులారా, సర్దుకుపొమ్మని తొందరపడి చెప్పకుండా మొత్తం వినండి.

సంఘం చేయవలసింది

నెహెమ్యా యెరూషలేము కోసం ఉపవాసముండి ప్రార్థించాడు. అయితే నీకేం కావాలని రాజు అడిగిన రోజున తడుముకోలేదు. నది అవతలి అధికారులకు చూపించే లేఖలు అడిగాడు, కలప కోసం అడవి అధికారికి లేఖ అడిగాడు, ఎప్పుడు తిరిగొస్తాడో గడువు చెప్పాడు. ప్రార్థించిన నెలల్లోనే అతడు లెక్క కూడా వేసుకున్నాడు. నది దాటాలంటే కాగితం కావాలని అతనికి తెలుసు.

మన సంఘాలు మూడు పనులు చేయగలవు. ఏడాదికి ఒక ఆదివారం ఆరాధన తర్వాత తొమ్మిది, పది తరగతుల పిల్లల కాగితాలు ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఏ మతం వారైనా సరే, ఊరి పిల్లలందరినీ పిలవాలి. కానుకల్లో కొంత భాగంతో వడ్డీ లేని ప్రవేశ నిధి పెట్టి, స్కాలర్‌షిప్ వచ్చాక తిరిగి వేయమనాలి. ముందు చదివిన మన డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు తలా ఒక విద్యార్థికి మొదటి ఏడాదంతా ఫోన్‌లో అందుబాటులో ఉండాలి, తమ పుస్తకాలు, ఏప్రాన్లు ఇవ్వాలి.

ప్రభుత్వాలను కూడా అడగాలి. కర్ణాటకతో వివాదంలో ఉన్న 865 సరిహద్దు గ్రామాల విద్యార్థుల కోసం మహారాష్ట్ర తన కాలేజీల్లో ప్రత్యేకంగా కొన్ని సీట్లు ఉంచింది. గీత ఒకచోట, జీవితం మరోచోట ఉంటుందని ఆ ప్రభుత్వానికి తెలుసన్నమాట. అదే అవగాహన ప్రాణహిత ఒడ్డున కూడా చూపాలి. సొంత జిల్లాలో సైన్సు చదువుకు తగిన వసతి లేక నది దాటి ఇంటర్ చదివిన సిరోంచ పిల్లలకు పన్నెండో తరగతి షరతు సడలించాలి. వ్యాలిడిటీ కోసం అటువైపు పాత రికార్డులు సులభంగా దొరికేలా రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలు మాట్లాడుకోవాలి. స్థానిక ఎమ్మెల్యేకు, కలెక్టరుకు మీ సంఘం తరఫున వినతిపత్రం ఇవ్వండి.

అది జరిగేదాకా నియమం నియమమే. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఉంటే, ఈ వారమే ఒక ఫైలు కొని ఆధార్, జనన ధ్రువపత్రం, తాతగారి బడి పేరు రాసిన కాగితం అందులో పెట్టండి. లేనివేవో అప్పుడే తెలుస్తుంది. వాటిని తెచ్చుకోవడానికి ఇంకా నాలుగేళ్లుంది.