పాత బ్రౌజర్లు: తప్పు వాడేవాళ్లది కాదు

సంపాదకులు గారికి,

పాత బ్రౌజర్లు వదలకపోవడం బద్ధకమేనని పోయిన వారం మీ పాఠకులొకరు రాశారు. ఆ మాట అన్యాయం. మా ఎడ్లపాడు వైపు నెట్ సెంటర్ నడిపేవాళ్లనో, స్పిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసేవాళ్లనో అడగండి, కొత్తది వద్దనేవాళ్లు అరుదు. కంప్యూటరే దాన్ని ఎక్కించుకోదు. విండోస్ 7కి క్రోమ్ 109తోనే ఆఖరు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110కి విండోస్ 10 ఉండాల్సిందే. బాగానే నడుస్తున్న మిషన్ని పక్కన పడేసి ఇంకొకటి కొనడం చిన్న దుకాణానికి మోయలేని ఖర్చు.

ఆఫీసుల సంగతి ఇంకా చిక్కు. డిజిటల్ సంతకాలకూ టెండర్లకూ ప్రభుత్వ సైట్లు చాలా కాలం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే అడిగాయి. ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమైన యాక్టివ్‌ఎక్స్ అనే పద్ధతి మీద కట్టిన సాఫ్ట్‌వేర్ ఇంకో బ్రౌజర్‌లో మామూలుగా నడవదు. దాన్ని తిరగరాయించే డబ్బూ అధికారమూ గుమాస్తా చేతిలో ఉంటాయా? దక్షిణ కొరియాలో బ్యాంకు పనులన్నీ ఏళ్ల తరబడి ఇలాగే ఇరుక్కుపోయాయి. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ 11కి మద్దతు ఆపిన మైక్రోసాఫ్టే, తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో దాని పాత పద్ధతిని కనీసం 2029 దాకా ఉంచుతామంది.

ప్రమాదం లేదనడం లేదు. భద్రతా సవరణలు ఆగిపోయిన బ్రౌజర్‌లో ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టించుకునే రైతుకి ఆ విషయమే తెలియదు, నష్టం మాత్రం ఆయనదే. కాబట్టి నిందించాల్సింది ఆయన్నీ ఆపరేటర్‌నీ కాదు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్లలోనే అన్ని బ్రౌజర్లలో పనిచేయాలన్న షరతు, ఏటా మార్పులకు నిధులు ఉండాలని మీ పత్రిక గట్టిగా అడగాలి.

ఒక పాఠకుడు,
ఎడ్లపాడు, పల్నాడు జిల్లా