రాని ఇన్ఫెక్షన్‌కు బిల్లు ఉండదు

డయాలిసిస్ అనగానే మనకు పెద్దవారే గుర్తుకు వస్తారు. మన పెద్దాపురం వంటి ఊళ్ళలో ఆ అవసరం ఉన్న పిల్లలు కూడా ఉంటారు. పుట్టుకతోనే మూత్రమార్గంలో లోపం ఉన్నవారు, నెఫ్రోటిక్ జబ్బు మందులకు లొంగనివారు వీరిలో కొందరు. మూత్రపిండాలు పూర్తిగా చెడితే, మార్పిడి జరిగేవరకు డయాలిసిసే వారికి ఆధారం. “అది ఉచితమే కదా!” అని మీరు అనవచ్చు. ఆ మాటనే నేను ప్రశ్నించదలచాను. డయాలిసిస్ ఉచితం కావచ్చు. దానిని అంటిపెట్టుకొని వచ్చే ఇన్ఫెక్షన్ మాత్రం ఏ ఇంటికీ ఉచితంగా రాదు.

పిల్లల రక్తనాళాలు సన్ననివి. అందుచేత చాలామందికి పొట్టలోకి మెత్తని గొట్టం అమర్చి, ఇంటివద్దనే పెరిటోనియల్ డయాలిసిస్ చేయిస్తారు. చేతితో చేసేవారు రోజుకు నాలుగైదు సార్లు ద్రవపు సంచిని కలపాలి, విప్పాలి. ఒక్కసారి చేతులు సరిగా కడగకపోయినా సూక్ష్మజీవి లోపలికి చేరగలదు. మెడ సిరలో గొట్టంతో హీమోడయాలిసిస్ చేయించుకొనే పిల్లలకైతే అది నేరుగా రక్తంలోనే కలుస్తుంది.

ఇక ఖర్చు చూడండి. ఆసుపత్రి పడక, కల్చర్ పరీక్షలు, రెండు మూడు వారాల యాంటీబయాటిక్స్. ఫంగస్ అయితే గొట్టం తీయడానికి ఒక ఆపరేషన్, మళ్ళీ పెట్టడానికి మరొకటి, నడుమ హీమోడయాలిసిస్. ఇది పదేపదే జరిగితే పొట్టలోని పొర చెడిపోయి, ఇంట్లో డయాలిసిస్ చేసుకొనే దారే మూసుకుపోతుంది.

నేనెరిగిన ఒక పట్టునేత కుటుంబంలో ఎనిమిదేళ్ళ పాపకు ద్రవం మబ్బుగా వచ్చింది. అది ప్రమాద సూచన అని తల్లికి ఎవరూ చెప్పలేదట. మూడవనాడు ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. 22 రోజులు మగ్గం ఆగింది. పథకం కార్డు పడకకు పనికివచ్చింది. బయట కొన్న మందులకు, ప్రయాణాలకు, తోడున్నవారి తిండికి పనికిరాలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2016లో జాతీయ డయాలిసిస్ కార్యక్రమం వచ్చింది. 2019లో పెరిటోనియల్ పద్ధతికీ మార్గదర్శకాలు వెలువడ్డాయి. మన రాష్ట్రంలో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉన్నది. కాని ఈ ఏర్పాట్ల చూపంతా జబ్బు వచ్చిన తరువాతి ఖర్చు మీదనే. రాని ఇన్ఫెక్షన్‌కు బిల్లు ఉండదు. కనుక దానిని రానీయకుండా చేసిన నర్సు శ్రమకు లెక్కా ఉండదు.

ఆపడం సాధ్యమేనా? సాధ్యమే. అమెరికాలో కొన్ని పిల్లల ఆసుపత్రులు 2011లో ‘స్కోప్’ పేరుతో చేతులు కలిపాయి. గొట్టం అమర్చే పద్ధతి, తల్లిదండ్రుల శిక్షణ, నెలనెలా తనిఖీ అన్నిచోట్లా ఒకే తీరున జరిపాయి. మూడేళ్ళలో పెరిటోనియం ఇన్ఫెక్షన్లు సుమారు మూడింట ఒక వంతు తగ్గాయి. ఇందులో కొత్త మందేమీ లేదు, ఉన్నదల్లా క్రమశిక్షణ.

కాబట్టి నేను కోరేవి ఇవి. తల్లి స్వయంగా చేసి చూపించిన తరువాతనే బిడ్డను ఇంటికి పంపాలి. ప్రతి ఇన్ఫెక్షన్ తరువాత తిరిగి నేర్పాలి. ద్రవపు సంచులతోపాటు సబ్బు, మాస్కులు, కట్టుబట్ట ఇవ్వాలి. పిల్లలకు డయాలిసిస్ చేసే ప్రతి కేంద్రమూ తన ఇన్ఫెక్షన్ల సంఖ్యను నెలనెలా గోడమీద ప్రకటించాలి. ద్రవంలో తెల్లకణాల లెక్కకు సూక్ష్మదర్శిని చాలు; ఆ పరీక్ష, తొలి మోతాదు మందు మన ఊరిలోనే దొరకాలి.

మీ ఇంట అటువంటి బిడ్డ ఉంటే ఒక్క మాట గుర్తుంచుకోండి: ద్రవం మబ్బుగా వస్తే ఆ సంచిని పారవేయకండి. దానితోసహా ఆనాడే వైద్యుని వద్దకు వెళ్ళండి. “రేపు చూద్దాం” అన్న మాటకే అన్నిటికంటె పెద్ద బిల్లు పడుతుంది.