అమెరికా నుంచి ఖాళీ బుల్లెట్ షెల్ తెస్తున్నారా? అక్కడ హాబీ.. ఇక్కడ కేసు! ఆయుధ చట్టం ఏం చెబుతోంది?

డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తే వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తాడు. నాలుగు రౌండ్లు కాల్చాక కింద పడ్డ ఇత్తడి షెల్ ఒకటి జేబులో వేసుకోవడం, దాన్ని కీ చైన్‌గా మార్చుకోవడం అక్కడ మామూలే. ప్రగతి నగర్, నిజాంపేట్, కొండాపూర్ లాంటి ఐటీ ఉద్యోగుల కాలనీల్లో అమెరికా రాకపోకలు లేని అపార్ట్‌మెంట్ దొరకడం కష్టం. మరి ఆ ఖాళీ షెల్ సూట్‌కేసులో శంషాబాద్ దాకా వస్తే? చట్టం దృష్టిలో అది వట్టి ఇత్తడి ముక్క కాదు.

అసలు ఖాళీ షెల్‌కి అంత విలువ ఎందుకు?

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు బుల్లెట్, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. కాల్చాక మిగిలేది ఆ గొట్టం ఒక్కటే. సాధారణంగా అన్నిటికంటే ఖరీదైన భాగం కూడా అదే. అందుకే అమెరికాలో లక్షల మంది దాన్ని పారేయకుండా మళ్లీ నింపుకుంటారు. దీన్నే రీలోడింగ్ అంటారు. సొంతానికి చేసుకుంటే అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. తయారు చేసి అమ్మితే మాత్రం కావాలి. 2020, 2021లో అక్కడ తూటాలకు కరువొచ్చినప్పుడు ఈ హాబీ మరింత పెరిగింది.

కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. ఒక సైజు షెల్‌ని ఇంకో సైజుగా మార్చేస్తారు. 5.56 రైఫిల్ షెల్‌ని పొట్టిగా కోసి, మూతిని కొత్తగా మలిచి .300 బ్లాక్‌ఔట్‌గా మార్చడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ.

పెంబర్తిలో చేసేదే.. రైఫిల్ షెల్‌కీ!

తూటా గొట్టాలకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉంటాయి. ఇత్తడిని కొట్టినా, వంచినా, సాగదీసినా గట్టిపడుతుంది. అలాగే కొడుతూ పోతే పగులుతుంది. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చే కళాకారులు మధ్యమధ్యలో రేకుని వేడి చేసేది అందుకే. వేడికి లోహం మళ్లీ మెత్తబడి పనికి లొంగుతుంది. రీలోడర్లు షెల్ మూతిని వేడి చేసేదీ ఇదే కారణంతో. దాన్నే ఎనీలింగ్ అంటారు. మూతి మెత్తబడాలి, అడుగు మాత్రం గట్టిగానే ఉండాలి. పొరపాటున అడుగు మెత్తబడితే పేలుడు ఒత్తిడికి షెల్ చిట్లి, ఆ వేడి గ్యాస్ కాల్చేవాడి ముఖం మీదికే వస్తుంది.

ఈ ఇత్తడి గుట్టు విప్పడంలో మన దేశానికీ ఓ చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో వర్షాకాలం వచ్చిందంటే గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఇలా చేస్తున్నాయని 1921లో తేలింది. ఆ ఒత్తిడిని పోగొట్టడానికి తేలిన ఉపాయం.. మళ్లీ వేడి చేయడమే.

మన చట్టంలో ఏముంది?

ఆయుధ చట్టం 1959లో ‘అమ్యునిషన్’ అనే మాటకిచ్చిన అర్థం చాలా విశాలం. నిండు తూటా ఒక్కటే కాదు, తూటా భాగాలు, తూటాలు తయారు చేసే యంత్రాలు కూడా సెక్షన్ 2 కింద అందులోకే వస్తాయి. అంటే ఖాళీ షెల్ మాత్రమే కాదు, అమెరికాలో ఎవరైనా కొనుక్కునే రీలోడింగ్ ప్రెస్ కూడా ఇక్కడ లెక్కలోకి రావచ్చు. దగ్గర ఉంచుకోవడానికి సెక్షన్ 3, తయారీకి సెక్షన్ 5, విదేశాల నుంచి తేవడానికి సెక్షన్ 10 కింద లైసెన్స్ ఉండాలి.

శిక్షలూ పెరిగాయి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా ఆయుధాలు, తూటాలు తయారు చేస్తే కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇంట్లో హాబీగా చేశామన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

సైజు మార్చడం ఇక్కడ ఇంకా పెద్ద తలనొప్పి. మన దగ్గర లైసెన్స్ అంటే ఫలానా బోర్‌కి ఇచ్చే అనుమతి. బ్రిటిష్ హయాంలో సైన్యం వాడే .303 తూటా జనం చేతికి పోకూడదని పౌరులకు .315 రైఫిళ్లు ఇచ్చారు. ఇప్పటికీ .303 ప్రొహిబిటెడ్ బోరే. షెల్ సైజు మార్చడమంటే ఆ గీత దాటే వీలు కల్పించడమే అన్నది చట్టం భయం.

భాగాలకే ఇంత కట్టడి ఎందుకు?

దీనికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. 2006 సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో మావోయిస్టుల రాకెట్లు, విడి భాగాలు పెద్ద ఎత్తున పట్టుబడ్డాయి. తీగ లాగితే డొంక చెన్నైలోని అంబత్తూరు వర్క్‌షాపుల్లో కదిలింది. మామూలు మెషీన్ పార్టుల పేరుతో ఆర్డర్లిచ్చి వేర్వేరు చోట్ల ముక్కలుగా చేయించారని దర్యాప్తులో తేలింది.

ప్రగతి నగర్‌కి కూతవేటు దూరంలోనే జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడలున్నాయి. లేత్, సీఎన్‌సీ మీద బతికే చిన్న వర్క్‌షాపులకు ఇది నేరుగా తగిలే విషయం. డ్రాయింగ్ తెచ్చి ‘ఈ డై చేసిపెట్టు అన్నా’ అంటే, అది దేనికో అడగడం యజమాని బాధ్యత. తర్వాత తెలియదంటే నమ్మించాల్సింది కోర్టునే.

మరి కీ చైన్ తెచ్చినోళ్లంతా నేరస్తులేనా?

కాదు. ఆయుధం దగ్గరుందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాగులో ఎప్పుడో పడిపోయిన ఒక్క తూటా దొరికిన కేసుల్ని హైకోర్టులు ఈ సూత్రం మీదే చాలాసార్లు కొట్టేశాయి. దీనికి తోడు సెక్షన్ 45(డి) ఉంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్నచిన్న భాగాలకు చట్టం వర్తించదని అందులో ఉంది.

చిక్కంతా ఇక్కడే. ఈ రక్షణ పనిచేసేది కోర్టులో, స్కానర్ ముందు కాదు. ‘ఉద్దేశం లేదు’ అని తేలేలోపు ఫ్లైట్ పోతుంది, ఎఫ్ఐఆర్ పడొచ్చు. ఆ ఎఫ్ఐఆర్ పాస్‌పోర్టు రెన్యువల్, వీసా దరఖాస్తుల దగ్గర అడ్డుపడుతుంది. ఐటీ ఉద్యోగికి జైలు కంటే ముందు కనిపించే నష్టం అదే. పైగా సావనీర్ అని తెలిసే తెచ్చుకున్నవాళ్లకు ‘నాకు తెలియదు’ అనే వాదన పనికిరాదు. వాళ్లకు మిగిలేది 45(డి) ఒక్కటే.

షూటర్ల మాటేంటి?

2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాదీ గగన్ నారంగ్ వాడింది ఎయిర్ రైఫిల్. అందులో ఇత్తడి షెల్ ఉండదు. పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ బరిలో దిగిన ఈషా సింగ్ వాడేది .22 తూటా. దాని ప్రైమర్ షెల్ అంచులోనే ఉంటుంది కాబట్టి రీలోడింగ్‌కి పనికిరాదు. గచ్చిబౌలి రేంజ్‌లో ఒలింపిక్ కల కనే పిల్లలకు రీలోడింగ్‌తో పనే లేదన్నమాట. ఇది అవసరమయ్యేది పెద్ద బోర్ రైఫిల్ షూటర్లకు మాత్రమే. వాళ్లు తక్కువ మంది, వాళ్లకు తూటాల ఖర్చు ఎక్కువ. లైసెన్స్, లెక్క రెండూ ఉన్న క్లబ్బుల్లో పోలీసుల కంటి ముందు దీన్ని అనుమతిస్తే నష్టమేంటన్న ప్రశ్నలో న్యాయముంది. కానీ ఆ మార్పు చేయాల్సింది కేంద్రం. అప్పటిదాకా యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నించడం చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ముప్పు.

ఇవి గుర్తుంచుకోండి

- అమెరికా నుంచి బయల్దేరేముందు బ్యాగు అరలన్నీ ఖాళీ చేసి చూడండి. ముఖ్యంగా రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్.
- షెల్ కీ చైన్లు, తూటా ఆకారపు లాకెట్లు అక్కడే వదిలేయండి. అక్కడి సెక్యూరిటీ వదిలేసినా ఇక్కడ వదలాలని లేదు.
- రీలోడింగ్ ప్రెస్, డైలు, ఖాళీ బ్రాస్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టొద్దు.
- ఇంట్లో తాతల కాలం నాటి తూటాలు, షెల్స్ ఉంటే చెత్తలో వేయొద్దు, పాత సామాన్ల వాడికి అమ్మొద్దు. లాయర్‌ని అడిగి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోండి.